మా అత్తగారి కృష్ణార్పణం

వినాయక చవితికి ముందు అరటి గెల చవగ్గా వస్తుందంటే కృష్ణలో ఒక లంకకి వెళ్ళాను. గెల దొరికింది. దాంతోపాటు, పోయి పాతికేళ్ళయిన మా అత్తగారు కూడా దొరికింది. గెలతో ఇబ్బంది లేదు, ముగ్గితే తినేస్తాం. ఈవిడతోనే ఏం చెయ్యాలో తెలియక ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాయడం రాక కాదు, కాగితం దండగని ఇన్నాళ్ళూ రాయలేదు.

ఆవిడ పేరు రాయను. బతికుండగా నోటితో అనని పేరు పోయాక కాగితం మీద పెట్టడం దేనికి? ఆవిడంటే నాకు గిట్టేది కాదు. ఇప్పటికీ గిట్టదు. ఒకే కప్పు కింద ముప్పై ఏళ్ళు పడి ఉన్నాం కాబట్టి ఆవిడ గురించి చెప్పే హక్కు మాత్రం నాకుంది.

పొడుగు మనిషి. వెడల్పాటి పాదాలు, విడివిడిగా వేళ్ళు. చీర ఎప్పుడూ చీలమండల పైకి ఎగదోపుకుని ఉండేది. పేరంటానికి పిలుపొచ్చినా అంతే, చావు కబురొచ్చినా అంతే. కుచ్చెళ్ళు కిందికి జార్చుకుని నిలబడగా నేను చూడలేదు. ఇంట్లో ఏ వస్తువునీ నేల మీద పెట్టనిచ్చేది కాదు. బియ్యం కుండ ఉట్టి మీద, పప్పు మూట దూలానికి, చివరికి నేను మడతపెట్టిన చీరలు కూడా మూటగట్టి పైన వేలాడదీసేది. చీర కావాల్సి వచ్చినప్పుడల్లా ముక్కాలి పీటెక్కి, ఆవిడ వేసిన ముళ్ళు విప్పుకుని, మళ్ళీ అలాగే కట్టాలి. ముడి తేడా వస్తే నా చేతులకి పేర్లు పెట్టేది.

పామర్రు దగ్గర పల్లెటూరు మాది. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే కాలువ. మా మామగారు ధాన్యం బండి తోలేవారు. బెజవాడ వన్ టౌన్‌లో సరుకు దించి, ఒకసారి వానాకాలంలో ఖాళీ బండి మీద ఈవిడని ఎక్కించుకొచ్చారట. గుళ్ళో పుస్తె కట్టారు. పెళ్ళికూతురి తరఫున పసుపు కలపడానికి కూడా ఒక ఆడమనిషి రాలేదని మా వీధిలో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను కాపురానికి వచ్చేసరికి మామగారు లేరు. అడగడానికి మిగిలింది ఆవిడే.

"మీ పుట్టిల్లు ఎక్కడ అత్తయ్యా?" అని నేనూ అడిగాను, వచ్చిన కొత్తలో. మిరపకాయలు తొడిమలు తీస్తోంది. తలెత్తకుండా, "కృష్ణార్పణం" అంది. అని, కుడిచెయ్యి చాచి, అందులో నీళ్ళున్నట్టు అరచెయ్యి తిరగేసి వంపేసింది. మళ్ళీ తొడిమలు తీసుకుంది.

ఎవరడిగినా అదే మాట, అదే చెయ్యి. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడిగినా అదే చెప్తే వాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. ఆ మాట మనం ఎప్పుడంటాం? చేబదులు తీసుకున్నవాడు కనిపించడం మానేస్తే అంటాం. కొత్త గొడుగు బస్సులో మర్చిపోతే అంటాం. ఇంక రాదు, వదిలేశాం, అడక్కు అని దాని అర్థం. అందుకని ఆవిడ పుట్టింటివాళ్ళని వదిలేసిందని ఊరంతా అనుకుంది. లేచొచ్చేసిందని కొందరు, తరిమేశారని కొందరు. నేనైతే ఆ పుట్టింటివాళ్ళు ఎవరో గానీ బతికిపోయారనుకున్నాను.

ఆవిడ నోరు అలాంటిది. నాకు ఒంట్లో బాగోలేదన్నా, పొయ్యి మండటం లేదన్నా, ఏమన్నా సరే, "నీకేమే, పుట్టిల్లున్నదానివి" అనేది. ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా అదే మాట. మా పుట్టిల్లు ఏమంత మేడలూ మిద్దెలూ కాదు. మైలవరం దగ్గర రెండు గదుల పెంకుటిల్లు. ఏటా శ్రావణంలో నన్నూ పిల్లల్నీ అక్కడికి పంపించేది. అది మంచితనమనుకునేరు. పంపేటప్పుడు గుమ్మంలో నిలబడి, "వెళ్ళు. ఉందో లేదో చూసి రా" అనేది. ఎవరైనా ఆడపిల్లని పుట్టింటికి పంపుతూ అనే మాటేనా అది? మా అమ్మకి చెప్తే, మన ఇంటి మీద ఏడుపు అని దిష్టి తీసేది. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోకముందే మా అత్తగారు అడిగేది, "ఉందా?" అని. ఉందంటే, ఊఁ అని లోపలికి పోయేది.

ఇక పుల్ల సంగతి. కాలువకీ మా వంటపాకకీ మధ్య, పెరట్లో, ఒక వెదురు పుల్ల పాతేది. దాని కొసకి పాత చీర పేలిక కట్టేది. వానలు మొదలయ్యాక రోజూ తెల్లారగానే పుల్ల దగ్గర నిలబడి, ఒక పాదం మడమకి ఇంకో పాదం బొటనవేలు తాకిస్తూ, కాలువ ఒడ్డుదాకా నడిచేది. పెదాలు కదిలేవి. వెనక్కి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా పళ్ళు తోముకునేది. పక్కింటివాళ్ళు అది చేతబడి అని, మా పెరట్లో వాళ్ళ గేదె గడ్డి కూడా మేయకుండా కట్టేసుకున్నారు. నేను అలాంటివి నమ్మను. కానీ చీకట్లో నీళ్ళకి వెళ్ళి ఆ పుల్ల తగిలి కాలి గోరు ఊడగొట్టుకున్నది నేను. పీకేస్తానంటే, "నిన్ను పీకేస్తాను" అంది.

నేను పుట్టింటినుంచి ఒక కొబ్బరి మొక్క తెచ్చుకున్నాను. మా నాన్న ఏరి ఇచ్చిన కాయ మొలక అది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కాలువ పక్కన నాటి, చుట్టూ కంప కట్టాను. కొబ్బరికాయ కొనే పని ఉండదు, ఈనెలతో చీపుళ్ళు కట్టుకోవచ్చు, మట్టలు పొయ్యిలోకి వస్తాయి అని లెక్కలు వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న చూస్తే మొక్క వేళ్ళతో సహా గుమ్మం ముందు పడుంది.

"ఇది కాసేదాకా మనం ఇక్కడుంటామా?" అంది.

కడుపుతో ఉన్న కోడలితో అన్న మాట. ఆవిడ పెరట్లో అరటి పిలకలు వేసేది, వంగ, బెండ, తోటకూర వేసేది. ఏడాది తిరిగేలోపల చేతికి రానిది ఏదీ నేలలో పెట్టనిచ్చేది కాదు. నేను ఆ పూట అన్నం తినలేదు. ఆవిడ నా కంచం వంక కూడా చూడలేదు.

మొక్కంటే సరే. ఇల్లు కట్టుకోనివ్వలేదు. మా ఆయనకి వన్ టౌన్‌లో ఒక పప్పుల గోడౌన్‌లో గుమాస్తా పని. వారానికోసారి ఇంటికి వచ్చేవారు. కూడబెట్టి ఒక బండెడు ఇటుకలు తోలించారు. మా వీధిలో అప్పటికి అందరివీ పెంకుటిళ్ళే, తాటాకు పాక మాదొక్కటే. ఆవిడ వెళ్ళి ఇటుకల గుట్ట మీద కూర్చుంది. తాపీమేస్త్రి రెండు రోజులు వచ్చి, చుట్టలు కాల్చుకుని పోయాడు.

"ఇటుకలు నెత్తిన పెట్టుకుని పోతావట్రా?" అంది కొడుకుతో.

"ఎక్కడికమ్మా పోయేది?" అన్నారు ఆయన.

ఆవిడ గుట్ట దిగలేదు. ఇటుకలు పక్కింటివాళ్ళు కొనుక్కుని ప్రహరీ కట్టుకున్నారు. ఆ ప్రహరీ ఇప్పటికీ ఉంది. మేం ఆవిడ పోయేదాకా పాకలోనే ఉన్నాం. అందులోనూ ఒక మేకు కొట్టనిచ్చేది కాదు. వాసాలు, నిట్రాళ్ళు, దడి అన్నీ తాళ్ళతో కట్టిందే. గాలివాన వస్తే అందరూ తలుపులు వేసుకునేవాళ్ళు. మేం ముళ్ళు బిగించుకునేవాళ్ళం.

అయితే ఒక రోజు ఉంది. అది కూడా ఆవిడ నన్ను నలుగురిలో తలెత్తుకోకుండా చేసిన రోజే. మా ఆడపడుచు పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి కదా. పంతులు గారు పందిట్లోంచి, మేనమామని రమ్మనండి, ముహూర్తం దగ్గర పడుతోంది అని కేకేశారు. ఎవరూ కదల్లేదు. మగపెళ్ళివారిలో గుసగుసలు. మా వీధిలో ఒక పెద్దమనిషి కండువా సర్దుకుని, వరసకి నేను నిలబడతాలే అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

"అద్దె మేనమామలు మాకొద్దు" అంది ఆవిడ. కొంగు నడుముకి బిగించి, వెళ్ళి బుట్ట ఒక అంచు పట్టుకుంది. భర్త పోయిన మనిషి, పెళ్ళి పందిట్లో, పెళ్ళికూతురి బుట్ట. ఆడవాళ్ళందరూ నోళ్ళు నొక్కుకున్నారు. మా అమ్మా నాన్నా ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళ వంక చూడలేకపోయాను. పంతులు గారు, అమ్మా మీరు పట్టకూడదమ్మా అన్నారు.

"పట్టేవాళ్ళుంటే నేనెందుకు పడతానండీ" అంది. రెండో అంచు మా ఆయన పట్టుకున్నారు. తల్లీకొడుకులు మోసుకొచ్చి పీటల మీద దించారు. ఆవిడ నడక చూశాను. మామూలు నడక కాదు. బురదలో బరువు మోసేవాళ్ళలా, పాదానికి నేల తగిలిందని నమ్మకం కుదిరాకే రెండో పాదం తీస్తోంది. ఆ పెళ్ళి గురించి మావాళ్ళలో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు, మంచిగా కాదు.

ఆవిడ పోయాక పాక పీకేసి, జాగా అమ్మి, వన్ టౌన్ వచ్చేశాం. నా పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. ఏటా మహాలయ అమావాస్యకి మా ఆయన కృష్ణ ఒడ్డుకి వెళ్ళి పెద్దలకి నీళ్ళు వదులుతారు. నేను వెంట వెళ్ళి, పై మెట్టు మీద ఇద్దరి చెప్పులూ పెట్టుకుని కూర్చుంటాను. చెప్పులు కాసేవాళ్ళకి ఇచ్చేబదులు నేనే కాయొచ్చు కదా. పైనుంచి అంతా వినపడుతుంది. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు గడగడా చెప్తారు. తర్వాత పంతులు గారు, మాతామహులు, పేరూ గోత్రం చెప్పండి అంటారు. మా ఆయన తెలియదంటారు. తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకోండి, పేరు మనసులో తలుచుకోండి అంటారు పంతులు గారు. తెలియని పేరు ఎలా తలుచుకుంటారు? నువ్వుల నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి ఊరికే కారిపోతుంటాయి.

ఈ వేసవిలో ఆయనకి గుండెకి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక పట్టుబట్టారు. "ఈ అమావాస్యకైనా మా అమ్మ నాన్న పేరు నోటితో చెప్పి నీళ్ళు వదలాలి. మళ్ళీ ఏడాదికి నేను ఆ మెట్లు దిగుతానో లేదో" అన్నారు. తాత పేరు తెలియకపోతే ఇన్నాళ్ళూ అన్నం అరగలేదా అన్నాను. వినలేదు. పామర్రు బస్సెక్కి వెళ్ళి పాత ఊళ్ళో మంచాల మీద ఉన్న ముసలివాళ్ళందర్నీ అడిగి వచ్చారు. మామగారితో బండ్లు తోలినవాళ్ళ పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. అందరూ ఒకటే చెప్పారట, మీ అమ్మ కృష్ణార్పణం అనేది బాబూ అని. ఎండలో తిరిగి రావడం, మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం. ఆవిడ చచ్చి కూడా నా ఇంట్లో మనిషిని తినేస్తోందని నాకు మండిపోయింది.

అలా ఉండగా, మా సందు చివర ఇడ్లీ బండి పెట్టుకునే అమ్మాయి, చవితికి మా లంకకి రండి మామ్మగారూ, తోటలోనే గెల కోసుకోవచ్చు అంది. వాళ్ళ నాయనమ్మ అక్కడుంటుందట. ఆయనకి గాలి మార్పు, నాకు గెల. బస్సు దిగి, రేవులో పడవెక్కి వెళ్ళాం. ఇంటి ముసలామె నాకంటే పెద్దది, మంచిదే. నేను వాళ్ళ కత్తి చేత్తో పట్టుకుని గెలలు తట్టి చూస్తూ, ఇది లేతది, ఇది మచ్చలు అని బేరం ఆడుతున్నాను. మా ఆయన పక్కనే ఉన్నారనుకుని, ఇది బావుందా అండీ అన్నాను. చూస్తే పక్కన లేరు.

ఆయన పెరటి చివర నిలబడి ఉన్నారు. ఎదురుగా వెదురు పుల్ల, దాని కొసకి చీర పేలిక. దాని అవతల కొంచెం నేల, ఆ అవతల ఏరు.

"ఇదెందుకండీ పాతారు?" అని అడిగారు.

ముసలామె గెల వదిలేసి వచ్చింది. పుల్ల దగ్గర నిలబడి, మడమకి బొటనవేలు తాకిస్తూ ఒడ్డుదాకా నడిచింది. పెదాలు కదిలాయి. నా చేతిలో కత్తి నా చేతిలోనే ఉండిపోయింది.

"గట్టు ఎంత విరిగిందో తెలియాలి కదండీ" అంది వెనక్కి తిరిగి. "పోయినేడు అదుగో, ఆ నీళ్ళున్న కాడ వంగతోట ఉండేది. గట్టు ఈ పుల్లని అందుకుందంటే ఇల్లు విప్పుకోవడమే."

"ఇల్లు విప్పుకోవడమేమిటి?" అన్నాను నేను.

"తాళ్ళు విప్పితే ఇల్లు మోసుకుపోవచ్చు కదండీ. ఇటుకలైతే ఏం మోస్తాం?"

"విప్పుకునేలోపల వచ్చేస్తే?" అన్నారు మా ఆయన.

"అప్పుడు కృష్ణార్పణమండీ" అని ముసలామె కుడిచెయ్యి చాచి అరచెయ్యి తిరగేసింది. "పైన ఇంకో లంక ఉండేదంట, మా అత్త చెప్పేది. ఊరంతా ఒక్క వానాకాలంలోనే కృష్ణార్పణమైపోయిందంట. అలా ఎన్ని లంకలో. పోయింది అనకూడదండీ. ఇచ్చేశాం అనుకోవాలి. లేకపోతే మిగిలింది కూడా ఏరు అడుగుద్ది."

మా ఆయన ఆ ఊరివాళ్ళ పేర్లు ఎవరికైనా తెలుసేమోనని అడిగారు. ఒక్క పేరు, ఎవరిదైనా సరే అన్నారు. ముసలామె తల అడ్డంగా ఊపింది. ఏట్లో పోయినోళ్ళు పోయారు, మిగిలినోళ్ళు తలో దిక్కూ వెళ్ళారు, కొందరు బెజవాడ వీధుల్లో కూలికి పడ్డారంట, మా అత్తకే పేర్లు తెలియవు, నాకెక్కడ తెలుస్తాయండీ అంది. ఆ లంకే మా అత్తగారి లంకో, ఇంకోటో కూడా చెప్పేవాళ్ళు లేరు. ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. ఆ అంచున కూర్చోకండి, విరుగుతుంది అన్నాను. లేవలేదు. ఏటి మధ్యకి చూస్తూ, "మా అమ్మ చెప్పిందే" అన్నారు. "అందరికీ చెప్పిందే."

తిరిగొచ్చేటప్పుడు పడవలో గెల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇది చదివేవాళ్ళు నేనక్కడ కళ్ళు తుడుచుకున్నానని రాస్తాననుకుంటారేమో. రాయను. నాకు కోపం వచ్చింది. పూర్వం కంటే ఎక్కువ వచ్చింది. మా ఊరు ఏటికి కొట్టుకుపోయింది, మావాళ్ళు పోయారు అని విడమరిచి ఒక్కసారి చెప్తే నోరు అరిగిపోయేదా? మిరపకాయల తొడిమలు తీస్తూ చెప్పే సంగతా అది? మా కాలువ ఒడ్డు ముప్పై ఏళ్ళలో వేలెడు కూడా జరగలేదు. జరగదని తెలుసుకోవడానికి ఒకటి రెండు వానాకాలాలు చాలు. ఆవిడ మాత్రం చచ్చేదాకా కొలుస్తూనే ఉంది. ఎప్పుడో పోయిన ఊరి కోసం, ఉన్న ఇంటిని కట్టుకోనివ్వలేదు. నా కొబ్బరి మొక్క ఉంటే ఆవిడ బతికుండగానే కాసేది. ఆవిడ దినానికే ఆ కాయలు కొట్టేవాళ్ళం.

ఆ "ఉందా?" అనే మాట ఒక్కటే నన్ను వదలడం లేదు. శ్రావణం వస్తే మా పుట్టిల్లు ఉందో లేదోనని ఆవిడ ఎదురుచూసేదన్నమాట. ఉందంటే ఊఁ అనేది. దానికి నేను దిష్టి తీయించుకున్నాను. తీయించుకోకేం చేస్తాను? అడిగే తీరు అలాంటిది.

అమావాస్య వచ్చింది. ఘాటు జనంతో నిండిపోయింది. మా ఆయన రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగారు. నేను ఎప్పటిలాగే పైన చెప్పుల దగ్గర కూర్చున్నాను. తండ్రి, తాత, ముత్తాత అయ్యాయి. పంతులు గారు, మాతామహుల పేరూ గోత్రం చెప్పండి అన్నారు. మా ఆయన చెయ్యి చాచారు, పంతులు గారు నువ్వులూ నీళ్ళూ పోశారు, మా ఆయన పేరు దగ్గర ఆగిపోయారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు త్వరగా కానివ్వండి అంటున్నారు. సరే, కాశ్యప గోత్రం అనుకోండి అని పంతులు గారు మొదలుపెట్టారు. మా ఆయన తల అడ్డంగా ఊపారు. నీళ్ళు కారిపోకుండా వేళ్ళు దగ్గరగా బిగించి పట్టుకున్నారు.

నేను లేచి మెట్లు దిగాను.

"వాళ్ళ పేరు కృష్ణార్పణమైంది పంతులు గారూ. ఊరితోపాటే పోయింది. వాళ్ళున్నది ఈ నీళ్ళలోనే" అన్నాను.

పంతులు గారికి అర్థం కాలేదు. "కృష్ణార్పణం చివర్లో చెప్పేదమ్మా" అన్నారు.

"మా ఇంట్లో మొదట్నించీ అదే చెప్పారండీ."

మా ఆయన నా వంక ఒకసారి చూశారు. అరచెయ్యి తిరగేశారు. అచ్చం వాళ్ళమ్మలాగే. నీళ్ళు నీళ్ళలో పడ్డాయి.

పైకి వచ్చి చూస్తే చెప్పులు లేవు. ఆయనవీ లేవు, నావీ లేవు. ఇన్నేళ్ళలో ఒక్కసారి వదిలి దిగితే, ఇదీ ఆవిడ చేసిన పని.

"చెప్పులేవీ?" అన్నారు ఆయన.

ఆవిడ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెయ్యి కూడా లేవబోయింది. దాన్ని కొంగులో దోపుకుని, "పోయాయి" అన్నాను. పోయినవాటిని పోయాయనే చెప్పాలి. అప్పుడే ఎదుటి మనిషి వెతకడానికి లేస్తాడు.

జనం కాళ్ళకి తగిలి కిందికి జారాయేమోనని, ఆయన రెయిలింగ్ పట్టుకుని వెతకడానికి మళ్ళీ మెట్లు దిగారు.